కాలిన ఇంటి సాక్ష్యానికి తూకం
(సి.ఆర్. రావు స్మారకోపన్యాస పాఠం)

వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదువుకుని, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర సంఖ్యాశాస్త్రంలో స్థిరపడిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని పురాతన ఎముకల కొలతలు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడిన అస్థిపంజరాలు ఏ జనసమూహాలకు దగ్గరివో ఆ కొలతలను బట్టి తేల్చాలి. ఒక మనిషి మీద తీసుకున్న అనేక కొలతలను కలిపి చూసి అతను ఏ సమూహం వాడో నిర్ణయించడానికి సంఖ్యాశాస్త్రవేత్త ఫిషర్ 1936లో రెండు సమూహాల విషయంలో చూపిన దారిని రావు గారు అనేక సమూహాలకు విస్తరించారు. ఆ వ్యాసం 1948లో వెలువడింది. దాని నడిమధ్యన ఉన్న ప్రశ్నలు చాలా సూటివి. ఇతను ఈ సమూహం వాడే అయితే ఇలాంటి కొలతలు రావడం ఎంత మామూలు? ఆ సమూహం వాడైతే ఎంత మామూలు? మనం చెప్పిన తీర్పు నూటికి ఎన్నిసార్లు తప్పుతుంది? కాలిపోయిన ఇంట్లోంచి తెచ్చిన బొగ్గుముక్కను ముందు పెట్టుకుని కూర్చున్న ఫోరెన్సిక్ రసాయన శాస్త్రవేత్త వేసుకోవలసినవీ సరిగ్గా ఇవే. చాలాచోట్ల ఇవి అడగకుండానే నివేదికలు వెళ్ళిపోతున్నాయి. ఈ సాయంత్రం నా వాదన ఒక్కటే: అగ్నిప్రమాద శిథిలాల మీద ప్రయోగశాల ఇచ్చే జవాబు 'ఉంది', 'లేదు' అన్న మాటతో ఆగకూడదు. ఏ ప్రశ్నకు ఆ జవాబు వర్తిస్తుందో, అది ఎంత బలంగా వర్తిస్తుందో కూడా చెప్పాలి.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. కాలిన తివాచీ ముక్క, పరుపు తునక, గుడ్డపీలిక, వీటిని గాలి చొరని డబ్బాలో బిగించి ప్రయోగశాలకు పంపుతారు. మామూలు పాలిథిన్ సంచి ఇందుకు పనికిరాదు, పెట్రోలు ఆవిరి దాని గుండా మెల్లగా బయటికి పోతుంది. డబ్బాలోకి ఉత్తేజిత బొగ్గు పూసిన చిన్న పట్టీ వేలాడదీసి గంటల తరబడి వెచ్చబెడితే లోపలి ఆవిరులు ఆ పట్టీకి పట్టుకుంటాయి. వాటిని ద్రావకంతో కడిగి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వచ్చి, మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని గుర్తిస్తుంది. చివరికి కాగితం మీద శిఖరాల వరుస ఒక పటంగా కనిపిస్తుంది. కిరసనాయిలుకు ఒక రూపం ఉంది: సమాన దూరాల్లో నిలిచిన ఆల్కేన్ శిఖరాలు మెల్లగా లేచి మెల్లగా దిగుతాయి. పెట్రోలుకు ఇంకో రూపం ఉంది: బెంజీన్ కుటుంబపు శిఖరాలు కొన్ని నిర్దిష్టమైన పాళ్ళలో గుంపులుగా నిలుస్తాయి. చిక్కంతా ఇక్కడ మొదలవుతుంది. ఏ ద్రవమూ పోయకపోయినా కాలిన వస్తువులు తమంతట తాము ఇలాంటి పదార్థాలే వదులుతాయి. ఫోము, తివాచీ, థర్మోకోల్ కాలితే టోలుయీన్, స్టైరీన్, ఇథైల్ బెంజీన్ పుడతాయి. పాలిథిన్ కాలితే కిరసనాయిలులో ఉండే ఆల్కేన్లే వస్తాయి. అయితే ప్రతి ఆల్కేన్ పక్కనా ఆల్కీన్, డయీన్ తోడుగా నిలబడతాయి కాబట్టి జాగ్రత్తగా చూసే కన్ను పట్టుకుంటుంది. మరోవైపు నేల పాలిషులో, పురుగుల మందులో, రంగుల థిన్నర్‌లో, కొన్ని జిగుర్లలో పెట్రోలియం ద్రావకాలు ముందే ఉంటాయి. మంటలో తేలిక భాగాలు ఎగిరిపోయి ద్రవం రూపం మారుతుంది, ఆర్పడానికి కొట్టిన నీళ్ళు కొంత కడిగేస్తాయి. ఇంత గందరగోళంలోంచి ఒక ఆకారాన్ని గుర్తుపట్టాలి.

అమెరికాలో దశాబ్దాలుగా అనుసరిస్తున్న ఎ.ఎస్.టి.ఎం. ఇ1618 ప్రమాణం ఈ గుర్తుపట్టే పనిని నిపుణుడి కంటికి అప్పగించింది. తెలిసిన ద్రవం పటాన్ని, శిథిలం పటాన్ని పక్కపక్కన పెట్టి, ఫలానా తరగతి ద్రవం ఉందనో కనబడలేదనో రాయాలి. ఆ కన్ను ఎంత ఆరితేరినదైనా, ఆ రాతలో ఒక కొలత లోపించింది. దాన్ని సంఖ్యాశాస్త్రం సంభావ్యతా నిష్పత్తి అంటుంది. ఉదాహరణకు ఊహా సంఖ్యలే తీసుకుందాం. ద్రవం నిజంగా పోసి కాల్చిన 100 నమూనాల్లో 80 ఇలాంటి పటాన్ని ఇస్తాయి, ఏ ద్రవమూ లేకుండా కాల్చిన 100 నమూనాల్లో 5 ఇస్తాయి అనుకుంటే నిష్పత్తి 16. ద్రవం ఉందనే ఊహ కింద ఈ పటం కనిపించే అవకాశం, లేదనే ఊహ కింద కన్నా 16 రెట్లని దాని భావం. ద్రవం ఉండే అవకాశం అంతకుముందు ఇతర ఆధారాలను బట్టి ఒకటికి పది అయితే ఇప్పుడు పదహారుకు పది అయింది, అంటే మొగ్గు మారింది. ముందు ఒకటికి వంద అయితే ఇప్పుడు పదహారుకు వంద మాత్రమే, అనుమానం బలపడింది కానీ నమ్మకం కుదరలేదు. ఒకే పటం రెండు కేసుల్లో రెండు రకాల ముగింపులకు దారితీసింది, ఎందుకంటే ముందరి అంచనాలు వేరు. ఆ ముందరి అంచనా రసాయన శాస్త్రవేత్తది కాదు. అది మిగిలిన సాక్ష్యం విన్న న్యాయమూర్తిది. 'ఉంది' అని రాసిన క్షణంలో ప్రయోగశాల తనకు తెలియని ఆ ముందరి అంచనాను కూడా తనే వేసేసి, రెండూ కలిపి ఇచ్చేస్తోంది. నిష్పత్తి రాస్తే తన వంతు మాత్రమే ఇస్తుంది. మరో పొరపాటు కూడా ఇక్కడే పొంచి ఉంటుంది. ద్రవం లేకపోతే ఇలాంటి పటం నూటికి అయిదుసార్లే వస్తుందంటే, ద్రవం ఉండే అవకాశం నూటికి తొంభై అయిదని వినేవారు చాలామంది. పైన ఒకటికి వందతో మొదలైన లెక్కలో అది నూటికి పద్నాలుగు కూడా దాటలేదు.

ఈ నిష్పత్తికి సంఖ్యలు ఎక్కడి నుంచి రావాలి? ద్రవం ఉందో లేదో ముందే తెలిసిన నమూనాల నుంచి మాత్రమే రావాలి. నిజమైన కేసుల నుంచి రావు, ఎందుకంటే అక్కడ నిజం ఏమిటో ఎవరికీ ఖాయంగా తెలియదు. ఫ్లోరిడాలో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం దగ్గరి నేషనల్ సెంటర్ ఫర్ ఫోరెన్సిక్ సైన్స్‌లో మైఖేల్ సిగ్మన్, మేరీ విలియమ్స్, వారి సహచరులు ఏళ్ళ తరబడి చేసింది ఈ పనే. మండే ద్రవాలకు ఒక కోశం, కాల్చిన గృహోపకరణాలకు ఒక కోశం కట్టారు. ఒక ద్రవం సంకేతాన్నీ, ఒక కాలిన వస్తువు సంకేతాన్నీ కంప్యూటర్‌లో వేర్వేరు పాళ్ళలో కలిపి, నిజం తెలిసిన వేల మిశ్రమాలు తయారు చేశారు. వాటి మీద ఫిషర్, రావుల నాటి విభజన పద్ధతుల నుంచి ఇవాళ్టి యంత్రాభ్యాసం దాకా శిక్షణ ఇచ్చి, తర్వాత నిజంగా సామాను పెట్టి కాల్చిన గదుల శిథిలాల మీద పరీక్షించారు. ఆ ఫలితాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వారి వినయం. చాలా నమూనాలకు నిష్పత్తులు మితంగానే వస్తాయి, కొన్నిటికి ఒకటికి దగ్గరగా వచ్చి ఏమీ చెప్పలేమని తేలుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క ప్రతి ప్రయోగశాల గోడ మీదా రాసి పెట్టుకోదగ్గది. ద్రవం లేని 100 నమూనాలు పరీక్షించి ఒక్కసారి కూడా పొరబడలేదనుకుందాం. అయినా తప్పు జరిగే రేటు సున్నా అనలేం. నూటికి తొంభై అయిదు భరోసాతో అది మూడు శాతం దాకా ఉండవచ్చు. కాబట్టి ఆ అనుభవం మీద నిలబడి చెప్పగల నిష్పత్తి సుమారు 33 దాటదు. వెయ్యి అని చెప్పాలంటే మూడు వేల తెలిసిన నమూనాలు, ఒక్క పొరపాటూ లేకుండా, చేతిలో ఉండాలి. నిస్సంశయం అని రాసే నివేదిక వెనక అన్ని నమూనాలు ఉన్నాయా అని అడిగే హక్కు ముద్దాయికి ఉంది.

కొలత ఒక్కటే సరిపోదు, కొలత ఏ ప్రశ్నకు జవాబో అది ఇంకా ముఖ్యం. టెక్సాస్‌లోని కోర్సికానాలో 1991 డిసెంబరు 23న ఒక ఇల్లు కాలి ముగ్గురు ఆడపిల్లలు చనిపోయారు. తండ్రి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ నిప్పు పెట్టాడని 1992లో మరణశిక్ష వేశారు, 2004 ఫిబ్రవరి 17న అమలు చేశారు. సేకరించిన నమూనాల్లో ముందు గుమ్మం దగ్గరిదానిలో మాత్రమే మినరల్ స్పిరిట్స్ తరగతి ద్రవం కనిపించింది. ఆ శిథిలంలో ద్రవం ఉందా అన్న ప్రశ్నకు దాని బలం ఎంత పెద్దదైనా కావచ్చు, వెయ్యి అనుకున్నా ఇబ్బంది లేదు. కాని ఆ వరండాలో బొగ్గుల పొయ్యి ఉండేది, దాన్ని వెలిగించే ద్రవం సీసా ఉండేది. తండ్రి పోసి నిప్పు పెట్టి ఉంటే గుమ్మం దగ్గర ద్రవం కనిపించేది. మంట ప్రమాదవశాత్తు పుట్టి, వరండాలోని సీసా కాలి ఒలికి, ఫైరింజన్ నీళ్ళు దాన్ని చెదరగొట్టి ఉన్నా కనిపించేది. రెండు కథలూ ఆ ద్రవాన్ని ఇంచుమించు ఒకే బలంతో ఊహిస్తున్నప్పుడు, పోశాడా లేదా అన్న ప్రశ్నకు ఆ సాక్ష్యం విలువ ఒకటి దగ్గరే ఉంటుంది. రసాయనం సరైనదే. ప్రశ్న మారిపోయిన సంగతి కోర్టులో ఎవరూ పట్టించుకోలేదు. ఒక మనిషి ప్రాణం ఆ రెండు ప్రశ్నల మధ్య సందులో పోయింది.

అదే విచారణలో అగ్నిమాపక దర్యాప్తు అధికారి ఇరవైకి పైగా గుర్తులు చూపి ఇది పెట్టిన మంటే అన్నారు: గాజు మీద సాలెగూడు లాంటి పగుళ్ళు, నేల మీద మడుగుల్లాంటి మచ్చలు, గోడల అడుగున లోతుగా కాలడం. ఇరవై గుర్తులు ఒకే దిక్కు చూపిస్తుంటే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. సంఖ్యాశాస్త్రం ఇక్కడ రెండు మాటలు అడుగుతుంది. పెట్టని మంటలో ఈ గుర్తులు ఎంత తరచుగా కనిపిస్తాయి? ఈ ఇరవై వేర్వేరు సాక్ష్యాలా, ఒకే కారణానికి ఇరవై ముఖాలా? ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో లైమ్ స్ట్రీట్ ఇంటి కేసులో ప్రాసిక్యూషన్ తరఫునే నియమితులైన జాన్ లెంటిని, జాన్ డిహాన్ 1991లో అదే రకపు ఇంటికి అదే రకపు సామాను అమర్చి, చుక్క ద్రవం లేకుండా సోఫాకు నిప్పంటించారు. అయిదు నిమిషాలు తిరగకముందే గది ఫ్లాషోవర్‌కు చేరింది. అంటే పైకప్పు కింద పేరుకున్న వేడి పొగ తాపానికి గదిలో మండగలిగిందంతా ఇంచుమించు ఒక్కసారిగా అంటుకుంది. పోస్తేనే వస్తాయనుకున్న నేల మచ్చలు వచ్చేశాయి. ప్రాసిక్యూషన్ కేసు వదులుకుంది. గాజు పగుళ్ళు వేడి గాజు మీద నీళ్ళు పడితే వస్తాయని తర్వాత తేలింది. కాబట్టి ఫ్లాషోవర్ దాటిన గదిలో ఆ గుర్తులన్నిటికీ నిష్పత్తి ఒకటి చుట్టూనే తిరుగుతుంది, పైగా అవన్నీ ఫ్లాషోవర్ పిల్లలే కనుక ఒకదానితో ఒకటి గుణించే వీలే లేదు. 2005లో లాస్‌వెగాస్‌లో ఫ్లాషోవర్ తర్వాత రెండు నిమిషాలు కాలనిచ్చిన రెండు గదులను 53 మంది దర్యాప్తుదారులకు చూపి, మంట ఏ మూల భాగంలో పుట్టిందో చెప్పమన్నారు. గది నాలుగు భాగాలు. కళ్ళు మూసుకుని చెప్పినా పదమూడు మంది దాకా సరిగ్గా చెప్పాలి. ఒక్కో గదికి ముగ్గురే సరిగ్గా చెప్పగలిగారు. విల్లింగ్‌హామ్ కేసు అధికారి తాను చూసిన మంటల్లో కొన్ని తప్ప దాదాపు అన్నీ పెట్టినవేనని సాక్ష్యమిచ్చారు. ఆయన అబద్ధమాడారని నేననను. తన తీర్పు తప్పో ఒప్పో చెప్పే కొలత ఎన్నడూ ఎదురుపడని అనుభవం ఎంత పెరిగినా అది నమ్మకాన్నే పెంచుతుంది.

మన సంగతికి వద్దాం. మన ప్రయోగశాలలకు ఏళ్ళ తరబడి వచ్చిన కాలిన శిథిలాల్లో ఎన్నో కోడళ్ళ చీరలు, జాకెట్లు, జుట్టు. స్టవ్వు పేలిందని ఒక కథ, ఒంటి మీద పోసి అంటించారని ఇంకో కథ, తనే పోసుకుందని మూడో కథ. నివేదికలో 'కిరసనాయిలు అవశేషాలు కనుగొనబడ్డాయి' అని ఒక వాక్యం. పంపు స్టవ్వు మీద వంట చేసుకునే ఇంట్లో ఈ మూడు కథలూ బట్టల మీద కిరసనాయిలునే ఊహిస్తాయి. ఆ వాక్యం ఒక్కటీ ఈ మూడింటి మధ్య దేన్నీ తేల్చదు. తేల్చగలిగేది వేరే ఉంది: జుట్టులో ఉందా, మాడు మీద ఉందా, చీర కుచ్చెళ్ళలోనే ఉందా, వీపు వైపు ఉందా, స్టవ్వు ట్యాంకు పగిలిందా, వంటింటి నేల మీద ఎంత మేర ఉంది? తల మీద నుంచి పోస్తే జుట్టు, భుజాలు తడుస్తాయి, స్టవ్వు ఎగజిమ్మితే ముందు భాగం, కింది బట్టలు ఎక్కువ తడుస్తాయి అనుకోవడం సహజమే. అయితే ఎంత తరచుగా అన్నది ఎవరైనా కాల్చి, కొలిచి, రాసి పెట్టాలి. ఆ కొలత లేకుండా దోషిని వదిలేసిన సందర్భాలూ ఉండవచ్చు, నిర్దోషిని పట్టుకున్న సందర్భాలూ ఉండవచ్చు. రెండూ చనిపోయిన ఆ ఆడమనిషికి జరిగిన అన్యాయాలే.

దీనికి ఎదురయ్యే ఆక్షేపణల్లో బలమైనది ముందు తీసుకుంటాను. అంకెకు లేని అధికారం వస్తుందంటారు. నిజమే, అందుకు చరిత్ర సాక్ష్యం ఉంది. 1968లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టేసిన కాలిన్స్ కేసులో ప్రాసిక్యూషన్ గాలిలోంచి తీసిన సంఖ్యలను, ఒకదానితో ఒకటి ముడిపడిన లక్షణాలను గుణించి కోటీ ఇరవై లక్షల్లో ఒకటి అనిపించింది. ఇంగ్లండులో 2010లో బూటు అడుగుజాడల కేసులో అప్పీలు కోర్టు, సరైన దత్తాంశం లేనిచోట ఇలాంటి నిష్పత్తులు వద్దంది. ఈ రెండు తీర్పులూ నా వాదనకు ఆక్షేపణలుగా కనిపిస్తాయి కానీ, లోతుగా చూస్తే దత్తాంశం లేని అంకెనే అవి తిరస్కరించాయి. దత్తాంశం లేని మాట మాత్రం అంతకన్నా మేలైనదెలా అవుతుంది? 'కచ్చితంగా ఉంది' అన్న మాటలోనూ ఒక అంకె దాగి ఉంది, అది అనంతం. బయటపెట్టిన 16ను ప్రతివాద న్యాయవాది నిలదీయగలడు, దాగిన అనంతాన్ని నిలదీయలేడు. దత్తాంశం తక్కువ ఉన్నచోట నిష్పత్తిని చిన్నదిగా ఉంచి, దాని చుట్టూ ఉన్న అనిశ్చితిని కూడా చెప్పాలి. అనిశ్చితమైన జ్ఞానం కూడా, ఆ అనిశ్చితి ఎంతో తెలిస్తే పనికి వస్తుందని రావు గారు జీవితమంతా వాదించింది ఇందుకే.

ఆరితేరిన కన్ను చూసేది యంత్రం చూడలేదన్నది రెండో ఆక్షేపణ. పాలిథిన్ డయీన్లను పట్టుకునే కన్ను మీద నాకు గౌరవం ఉంది. ఆ కన్నును తీసేయమనడం లేదు. నిజం తెలిసిన నమూనాలను, ఏది ఏదో చెప్పకుండా దాని ముందు పెట్టి, ఎన్నిసార్లు ఒప్పు చెప్పిందో లెక్కపెడితే ఆ కంటికీ ఒక నిష్పత్తి వస్తుంది. అది యంత్రం కన్నా మెరుగైతే అలాగే రాయండి. కేసు కథ ముందే చెవిన పడకుండా చూడడం మాత్రం తప్పనిసరి. అనుమానితుడు ఒప్పుకున్నాడని విన్న తర్వాత మసక శిఖరాలు స్పష్టంగా కనిపించడం మానవ సహజం. ఇక, ఇంత జాగ్రత్త పడితే దోషులు తప్పించుకుంటారన్న భయం. పెళ్ళయిన ఏడేళ్ళ లోపు, కట్నం కోసం వేధింపులు రుజువైన మరణంలో చట్టమే ఒక ఊహతో మొదలవుతుంది. అప్పటి సాక్ష్య చట్టం 113-బి, ఇప్పటి సాక్ష్య అధినియం 118 ఆ పని చేస్తున్నాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో పార్లమెంటు నిర్ణయించింది. దానికి రసాయన శాస్త్రవేత్త తన వంతు మొగ్గు రహస్యంగా కలిపితే ఒకే బరువును రెండుసార్లు వేసినట్టవుతుంది.

చేయవలసిన పని పెద్దదే, అసాధ్యం మాత్రం కాదు. ఫ్లోరిడా కోశాల్లో ఉన్నవి అక్కడి తివాచీలు, అక్కడి సోఫాలు. మన ఇళ్ళలో కాలేవి కొబ్బరిపీచు పరుపులు, దూది బొంతలు, పాలియెస్టర్ చీరలు, ప్లాస్టిక్ బిందెలు, గోనెసంచులు, తాటాకు కప్పులు. ఇవన్నీ ద్రవంతోనూ, ద్రవం లేకుండానూ కాల్చి, మన ప్రయోగశాలల యంత్రాల మీద నడిపి, ఆ పటాలు అందరికీ అందుబాటులో పెట్టాలి. హైదరాబాదులోనూ అమరావతి ప్రాంతంలోనూ ఉన్న రెండు రాష్ట్రాల ప్రయోగశాలలు కలిసి మొదలుపెట్టినా అయిదారేళ్ళలో వేల నమూనాలు పోగవుతాయి. విశ్వవిద్యాలయాల్లో సంఖ్యాశాస్త్రం, రసాయన శాస్త్రం చదివే పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే ప్రాజెక్టులు ఎన్ని దొరుకుతాయి? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత, ఏడేళ్ళు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్ళి తీరాలంటోంది. అది పూర్తిగా ఆచరణలోకి వచ్చే కొద్దీ ప్రయోగశాలలకు చేరే శిథిలాలు పెరుగుతాయి. మంట చేరని మూల నుంచి అదే తివాచీ, అదే గుడ్డ ముక్క పోలిక కోసం తీసుకురావడం అలవాటైతే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. అదే సంహితలోని 329వ సెక్షన్, పాత 293 లాగే, ప్రభుత్వ నిపుణుడి నివేదికను ఆయన బోనెక్కకుండానే సాక్ష్యంగా తీసుకునే వీలిస్తోంది. చాలా కేసుల్లో ఆ నివేదిక ఒంటరిగానే న్యాయమూర్తి బల్ల మీదికి వెళుతుంది, దాన్ని రాసినవారిని అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు. అందుకని ఏ రెండు ఊహలను పోల్చారో, ఎన్ని తెలిసిన నమూనాల మీద నిలబడి ఏ నిష్పత్తి చెబుతున్నారో, ఏ ప్రశ్నకు తమ దగ్గర జవాబు లేదో ఆ కాగితం మీదే రాసి ఉండాలి.